నాన్నకు కాలు కింద పెట్టుకునే చోటు

ప్రశ్న: మేము బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో, కైకొండ్రహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో పదకొండో అంతస్తులో ఉంటాం. నంద్యాల దగ్గర పల్లెలో సేద్యం చేసుకునే నాన్న, అమ్మ పోయాక మా దగ్గరికొచ్చి రెండు నెలలైంది. వయసు 71, మోకాళ్ల నొప్పి. పగలంతా బాల్కనీలోనే కూర్చుంటారు. ఆదివారాలు మాల్స్‌కి తీసుకెళ్లాం. ఒకసారి తెల్లవారుజామున నంది కొండకి బయల్దేరితే ఘాట్ రోడ్డు ట్రాఫిక్‌లోనే పొద్దెక్కింది, ఆయన కారు దిగనేలేదు. "ఊరికి పోతానమ్మా" అంటున్నారు. ఆయనకు నచ్చే పార్కు ఏదైనా ఉంటే చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదువుతుంటే మా నాయన కళ్లముందు మెదిలాడు. కదిరి దగ్గర ఎన్నో బావులు తవ్వించిన మనిషి. జయనగర్‌లో మా ఇంటికొచ్చిన మొదటి వారంలో ఆయనా ఇదే మాటన్నాడు. నేనూ నీలాగే ఊరు చూపించాలని తొందరపడ్డాను. లాల్‌బాగ్‌కి తీసుకెళ్లడం మంచి ఆలోచనే కానీ, జనవరి 26 పూల ప్రదర్శన రోజుల్లో తీసుకెళ్లాను. గ్లాస్ హౌస్‌లో పూలకన్నా ముందువాళ్ల వీపులే ఎక్కువ కనిపించాయి. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ "బో జనం" అని ఊరుకున్నాడు.

పూలన్నీ ఎత్తేశాక ఒక మామూలు మంగళవారం, పొద్దున ఆరున్నరకి మళ్లీ వెళ్లాం. కెంపేగౌడ గోపురం ఉన్న పెద్ద బండ పక్కన నడుస్తూ నాయన ఆగిపోయాడు. వంగి అరచేయి ఆనించాడు. రాత్రి చలి ఇంకా రాతిలో ఉంది. బూడిదరంగు మీద తెల్లని చారలు పాకినచోట వేలితో గీస్తూ "ఇది మన పక్క రాయేనే. దీన్ని పగలగొట్టడానికి నేను పడిన పాట్లు నాకు తెలుసు" అన్నాడు. ఆ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. దక్షిణాదిలో చాలాచోట్ల నేల అడుగున పరుచుకున్న రాతి జాతే అది. నాయనకి ఆ లెక్కలు తెలియవు, చేతికి తెలిసింది. ఆ రోజు అక్కడే ముక్కాలు గంట కూర్చున్నాడు. తర్వాత ప్రతి మంగళవారం ఆయనే ముందు తయారయ్యేవాడు.

అందుకే నీకు నా మాట ఇది. నాన్నకి కొత్త చోట్లు చూపించడం కొన్నాళ్లు ఆపు. ఆయన రోజూ పోయే చోటు ఒకటి కావాలి. ఊళ్లో ఆయనకి రచ్చబండో, చేని గట్టో ఉండే ఉంటుంది కదా, అలాంటిది.

మీ ఇంటి దగ్గరే కైకొండ్రహళ్లి కెరె ఉంది. కెరె అంటే మన చెరువే. ఒకప్పుడు పాడుబడితే చుట్టుపక్కలవాళ్లు పట్టుబట్టి బాగు చేయించుకున్నారు. కట్ట మీద నడిచే దారి ఉంది, నీళ్లలో నీటికాకులు, గూడబాతులు కనిపిస్తాయి. సేద్యం చేసినవాడికి చెరువు కట్ట ఎక్కగానే ఏం చూడాలో ఒకరు చెప్పక్కర్లేదు. మొత్తం చుట్టు తిరగమని బలవంతపెట్టకు. కూర్చున్నా చాలు. భాష గురించి టెన్షన్ వద్దు, బెంగళూరులో కోలారు వైపువాళ్లు చాలామంది ఉన్నారు, తెలుగులో పలకరిస్తే తెలుగులోనే బదులిస్తారు.

ఒక్కటి మాత్రం ముందే చూసుకో. ఒకసారి ఒక పార్కులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. కాపలాదారు తాళంచెవి తెచ్చేలోపు నాయన పడిన అవస్థ నేను మర్చిపోలేను. ఆ తర్వాత బయటికి వెళ్లేముందు మంచినీళ్లు తాగడమే మానేశాడు. నాకు తెలియడానికి నెల పట్టింది. ఎక్కడికి తీసుకెళ్లినా నువ్వు ముందొకసారి వెళ్లి మరుగుదొడ్డి, బెంచీలు, మెట్లు చూసిరా.

చెరువు అలవాటయ్యాక వారానికోసారి లాల్‌బాగ్‌కి తీసుకెళ్లు. 240 ఎకరాల తోట, మోకాళ్లతో అంతా తిరగలేరు. డబుల్ రోడ్డు వైపు గేటు దగ్గర దిగితే బండ దగ్గరే. గోపురం దాకా ఎక్కించకు, అంచునే కూర్చోబెట్టు. కబ్బన్ పార్కుకైతే ఆదివారం పొద్దున్నే వెళ్లండి, లోపలి రోడ్లమీద బండ్లు తిరగవు. ఫిబ్రవరిలో దారి పొడుగునా గులాబీ రంగు పూలు. ఏడాదంతా ఒకదాని తర్వాత ఒకటి పూసేలా ఈ ఊళ్లో చెట్లు నాటించింది క్రుంబిగల్ అనే జర్మన్ తోటల నిపుణుడు. ఆయన 1956లో ఇక్కడే కన్నుమూశాడు. ఈ సంగతి నాన్నకి చెప్పు, చెట్టు పెట్టినవాడి కథ రైతుకి నచ్చుతుంది.

నంది కొండ మీద ఆశ ఉంటే పైకి వద్దు, మామూలు రోజున కింద నంది గ్రామంలోని భోగనందీశ్వర ఆలయానికి వెళ్లండి. తొమ్మిదో శతాబ్దం నాటి గుడి, కోనేటి మెట్ల మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు.

ముందు చెరువుతో మొదలుపెట్టు. రెండు రోజులు నువ్వు తోడు వెళ్లి లిఫ్టు, గేటు అలవాటు చెయ్యి. మీ ఫోన్ నంబరు, ఫ్లాట్ నంబరు రాసిన చీటీ జేబులో పెట్టు. మూడో రోజు నుంచి తెలిసిన ఆటో ఒకటి మాట్లాడి చెరువు గేటు దగ్గరే దింపమను. సర్జాపూర్ రోడ్డు మాత్రం ఆయన్ని ఒంటరిగా దాటనివ్వకు.