సంఘం మానేయాలా అన్న ప్రశ్నకు సమాధానం

సోదరా, వందనాలు. పాలకొల్లు దగ్గరి మీ సంఘంలో కానుకల లెక్కలు చెప్పడం లేదనీ, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు భోజనం) దగ్గర కూడా పేటల తేడా కనిపిస్తోందనీ, అందుకే మానేయాలని ఉందనీ రాశారు. బైబిల్లోని కొరింథు సంఘంలోనూ ప్రభు భోజనానికి ఉన్నవారు ముందే తినేస్తే లేనివారు ఆకలితో మిగిలారు. అపొస్తలుడైన పౌలు వారిని గట్టిగా మందలించాడే గాని, దేవుని సంఘమని పిలవడం మానలేదు.

కాలువ గట్టు మీది మా చర్చిలోనూ లెక్కల గొడవ వచ్చినప్పుడు నేను ఆరు నెలలు ఇంట్లోనే ఉండిపోయాను (అలిగి కూర్చుంటే లెక్కలు తేలవని తర్వాత తెలిసింది). మత్తయి 18వ అధ్యాయంలో ఉన్నట్టు మొదట కోశాధికారి గారిని ఒంటరిగా కలిశాను. ఆయన వినకపోతే ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని మళ్లీ వెళ్లాను. ఇప్పుడు ప్రతి నెలా జమాఖర్చుల కాగితం తలుపుకు అంటిస్తున్నారు. బల్ల దగ్గరి తేడా మాత్రం ఇంకా పోలేదు. నేను కావాలనే వెనుక చాప మీద కూర్చుంటున్నాను. మీరూ ఈ ఆదివారం వెళ్లి, ఆరాధన అయ్యాక కోశాధికారి గారిని విడిగా అడగండి.