మురుగు బురదతో సిమెంటు చేయవచ్చా?

ప్రశ్న: మురుగునీటిని శుద్ధి చేశాక మిగిలే బురదను సిమెంటులో వాడితే కాలుష్యం తగ్గుతుందని చదివాను. మేము త్వరలో ఇల్లు కట్టుకోబోతున్నాం. అలాంటి సిమెంటును నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: బురదను ఉన్నదున్నట్టుగా కలపరండి. యంత్రాలతో పిండిన తర్వాత కూడా అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు నీరే ఉంటుంది. పైగా అందులోని సేంద్రియ పదార్థం సిమెంటును సరిగా గట్టిపడనివ్వదు. అందుకే పరిశోధకులు దానిని ఆరబెట్టి, సుమారు 800–900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి, మిగిలిన బూడిదను మెత్తగా నూరి, సిమెంటులో కొంత భాగానికి బదులుగా వాడి పరీక్షిస్తున్నారు. ఆ బూడిదలోని సిలికా, అల్యూమినా సున్నంతో కలిసి బంధక పదార్థంగా మారతాయి.

దీనివల్ల క్లింకర్ (సున్నపురాయి, మట్టి కలిపి కాల్చగా వచ్చే, సిమెంటుకు మూలమైన గడ్డలు) వాడకం తగ్గుతుంది. క్లింకర్ కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, బొగ్గు మానేసినంత మాత్రాన ఆ ఉద్గారం ఆగదు.

అయితే బూడిదలోని ఫాస్ఫరస్, జింకు సిమెంటు గట్టిపడటాన్ని ఆలస్యం చేస్తాయి; బూడిదలోని సన్నని రంధ్రాలున్న రేణువులు నీటిని పీల్చుకొని కాంక్రీటు పోయడాన్ని కష్టతరం చేస్తాయి. పరిశ్రమల మురుగు కలిసే చోట భార లోహాల పరీక్ష తప్పనిసరి. ఎరువుకు పనికొచ్చే ఫాస్ఫరస్‌ను ముందుగా వేరుచేసి, ఆపై మిగిలినది సిమెంటుకు వాడటమే సరైన మార్గమని నా అభిప్రాయం.

మీ ఇంటికి మాత్రం ఉక్కు కర్మాగారాల్లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్ (లోహమలం)తో తయారయ్యే పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంటును పరిశీలించండి. ఐఎస్ 455 అనే భారతీయ ప్రమాణం ప్రకారం అందులో 25 నుంచి 70 శాతం స్లాగ్ ఉండవచ్చు. సముద్రపు ఉప్పుగాలిని బాగా తట్టుకుంటుంది. కానీ బలం నెమ్మదిగా వస్తుంది కనుక కనీసం 10 రోజులు క్యూరింగ్ (నీటితో తడిపి ఉంచడం) చేయించండి.