సాయంత్రం ప్రార్థన పాడుకోండి బాబూ

విజయనగరం,
శనివారం రాత్రి

బాబూ,

బొబ్బిలి ఇంట్లో నలుగురు ఫాదర్లున్నా సాయంత్రం ప్రార్థన ఎవరి గదిలో వాళ్ళు ఫోన్లో చదివేసుకుంటున్నారని రాశావు. కలిసి పాడదామంటే గొంతు బాగోదన్నారట. గొంతు బాగున్నవాళ్ళే పాడాలంటే నేను ఏనాడో మానేయాలి.

ముందు శ్రుతి సంగతి. నీది పై గొంతు, ఉత్సాహంలో ఎత్తుగా అందుకుంటావు. మూడో చరణానికి మీ నలుగురిలో పెద్దాయన గొంతు కీచుమంటుంది, నాలుగోదానికి ఆయన నోరు మూసుకుంటాడు. హార్మోనియం మీద ఒకటి శ్రుతి పట్టు. పగలంతా పల్లెలు తిరిగి గొంతులు బొంగురుపోయిన రోజున ఇంకా దించు. కీర్తనలకు అప్పుడే రాగాలు వద్దు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు కూర్చుని ఒకే స్వరం మీద మార్చి మార్చి అందుకోండి. పుస్తకంలో చరణం మధ్య నక్షత్రం గుర్తుంటుంది చూడు, అక్కడ అందరూ ఒక ఊపిరి ఆగాలి. ఆ ఊపిరి కుదరడానికే మాకు నెల పట్టింది.

ఎవరి శ్రుతైనా తప్పితే భోజనాల దగ్గర ఆ మాట ఎత్తకు. నేను ఎత్తాను. "హార్మోనియంలో లేని మెట్టు మీరు కనిపెట్టారు ఫాదర్" అన్నాను ఒక పెద్ద ఫాదర్‌తో. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. బదిలీ మీద వెళ్ళేదాకా మళ్ళీ పెదవులు కదిపాడు తప్ప గొంతు విప్పలేదు.

బ్లూటూత్ స్పీకర్లో ట్రాకులు పెట్టకండి. పెద్దాయనకి దగ్గొస్తే మీరు ఆగుతారు, ట్రాకు ఆగదు. ఈస్టర్ ముందు తపస్సు కాలంలో ఎలాగూ వాద్యం గొంతుకు ఆసరాగానే ఉండాలి కదా, అప్పుడు హార్మోనియం కూడా మూసి పాడి చూడండి.

మీ వంటాయన జానపదుల వాద్యం జముకు వాయిస్తాడన్నావు. క్రిస్మస్‌కి ఆయన్ని కూర్చోబెట్టుకోండి. ఎవరైనా ముఖం చిట్లిస్తే, ఆయా జనాల సంగీతానికి పూజలో చోటివ్వమని 1963లోనే మన కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ రాసిపెట్టిందని చెప్పు. అయినా పక్కనే గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేస్తుంటే, కీబోర్డు లేదని దిగులేమిటయ్యా!

నా హార్మోనియం బస్సులో పంపుతున్నాను. ఎడమ చివర రెండు మెట్లు వానాకాలం అంటుకుపోతాయి, వాటి జోలికి పోకు.

నీ పెద్ద ఫాదర్