హర్షిత సన్నబడకపోతే ఏమవుతుంది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి అందింది, పూర్తిగా చదివాను. పెన్సిలు గీతలతో తిరిగి పంపుతున్నాను. కొన్నిచోట్ల గీత మరీ గట్టిగా పడింది, ఏమీ అనుకోకు. చేదు మాట ముందే చెప్పేస్తాను. చివరి మూడు అధ్యాయాలు తీసెయ్యాలి.

లావుగా ఉందని అందరూ వెక్కిరించే నీ కథానాయిక హర్షిత, ఆ అధ్యాయాల్లో పదో తరగతి పరీక్షలయ్యాక పిన్ని ఇంటికి వెళ్లి, రోజూ తెల్లవారుజామున మైపాడు సముద్రపు ఇసుకలో పరుగెత్తుతుంది. రాత్రి అన్నం మానేస్తుంది. ఇంటర్ కాలేజీలో అడుగుపెట్టేసరికి సన్నబడి ఉంటుంది. వెక్కిరించినవాళ్లు నోరు వెళ్లబెడతారు. అంతవరకు కన్నెత్తి చూడని కుర్రాడు నోట్సు అడుగుతాడు. చదవడానికి హాయిగానే ఉంది. కానీ నవల పొడుగునా వెక్కిరించడం తప్పని చెబుతూ వచ్చి, చివరికి వెక్కిరించినవాళ్ల మాటే నెగ్గించావు. వాళ్లు కోరింది ఆమె సన్నబడటం. అదే జరిగింది. హర్షిత లాంటి ఒంటితోనే ఉన్న ఓ అమ్మాయి కావలిలోనో గూడూరులోనో నీ పుస్తకం చదువుతూ ఉంటుంది కదా, ఆమెకు ఏం మిగిలినట్టు? తన బతుకు ఇంకా మొదలే కాలేదని, ఒళ్లు తగ్గాక మొదలవుతుందని.

దీనికి విరుగుడుగా నీకు ఇంకో ముగింపు తోస్తుంది, నాకు తెలుసు. వార్షికోత్సవ వేదిక మీద ఆమె "నేను ఇలాగే బాగున్నాను" అని ప్రసంగిస్తుంది, హాలంతా చప్పట్లు. దయచేసి అదీ వద్దు. 15 ఏళ్ల పిల్లకు తన ఒంటి మీద అభిప్రాయం ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. ఒక్క ప్రసంగంతో తేలిపోయే సంగతైతే ఇంత నవల ఎందుకు, కరపత్రం వేస్తే సరిపోయేది.

మూడో అధ్యాయం దగ్గర మాత్రం ఆగిపోయి రెండోసారి చదివాను. ట్రంకు రోడ్డు పక్క సందులో టైలరు షాపు. బడులు తెరిచే ముందు వారం. యూనిఫాం గుడ్డల సంచులతో తల్లులు. టైలరు టేపు చుట్టి కొలత పైకి చెబుతుంటే మూల కూర్చున్న కుర్రాడు పుస్తకంలో రాసుకుంటుంటాడు. కొలతలు అరిచి చెప్పడంలో అతనికి ఏ దురుద్దేశమూ లేదు, మిషన్ల చప్పుడులో వినపడాలి కదా. వెనక బల్ల మీద తన క్లాసు అమ్మాయి కూర్చుని ఉన్న సంగతి హర్షితకు మాత్రమే తెలుసు. టేపు నడుము దగ్గరికి రాగానే ఊపిరి బిగబడుతుంది. "ఊపిరి వదలవే, నెలకే పిగిలిపోతుంది" అంటుంది తల్లి, అందరి ముందూ. టైలరు వైపు తిరిగి, "పక్క కుట్లలో గుడ్డ ఎక్కువ వదలండి, పెరిగే పిల్ల" అంటుంది. ఆ తల్లి మాటలో ఇసుమంతైనా చెడు లేదు. నెలకోసారి కొత్త యూనిఫాం కుట్టించలేని ఇంటి లెక్క అది. ఇంత బాగా రాసి, ఆ వెంటనే "ఆమె హృదయం అవమానంతో దహించుకుపోయింది" అన్నావు. ఆ వాక్యం కొట్టేశాను. ఊపిరి బిగబట్టిన పిల్లను చూపించాక ఇక దహనాలెందుకు?

క్లాసులో వెక్కిరించే ముగ్గురు అమ్మాయిలు నాకు అట్టబొమ్మల్లా కనిపించారు. వాళ్లకు వెక్కిరించడం తప్ప వేరే పనే లేదు. అసలు సంగతి ఇంట్లో ఉంది. "ఏ షాపు బియ్యం తింటున్నావే?" అని పెళ్లి పందిట్లో నలుగురూ వినేట్టు అడిగే పెద్దనాన్నే, భోజనాల దగ్గర నిలబడి ఇంకో బూరె వేయించుకోమని బతిమాలతాడు. ఒంగోలు నుంచి వచ్చిన అత్తయ్య మైసూర్‌పాక్ పెట్టె హర్షిత చేతికే ఇస్తుంది. మూత తీసేలోపే "నీకు ఒకటి చాలమ్మా" అంటుంది. మన ఇళ్లలో వడ్డించే చెయ్యి, దెప్పే నోరు ఒకే మనిషివి. పగవాళ్లయితే హర్షిత ఎదురుతిరిగేది. ప్రేమించేవాళ్ల మీద ఎలా తిరగబడుతుంది? ఈ చిక్కు పట్టుకుంటే ఆ ముగ్గురు అమ్మాయిల అవసరమే నీకు ఉండదు. తమ్ముణ్ణి కూడా వదలకు. "అగ్గిపుల్ల" అని పిలిపించుకుంటూ, ఎండలోనూ చొక్కా మీద చొక్కా వేసుకుని బడికి వెళ్లే ఆ పిల్లవాడికి నువ్వు ఒక్క పేజీ ఇచ్చావు. అక్కాతమ్ముళ్లు ఒకరి పళ్లెం ఒకరు చూసుకునే రాత్రి భోజనం ఒకటి రాయి, చాలు.

ఐదో అధ్యాయంలో "వాళ్లు రొట్టెల పండుగకు వెళ్లివచ్చారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. చదివి నిజంగా ఉసూరుమన్నాను. నెల్లూరు రచయితకు దొరికిన నిధి అది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. హిందువులూ వస్తారు, ముస్లిములూ వస్తారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, ఇలా ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుని తింటారు. ఇప్పుడు అక్కడ హర్షితను నిలబెట్టు. ఆమెకు కావలసింది విద్య రొట్టె. అమ్మమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని ఆరోగ్య రొట్టె కోసం లాక్కుపోతుంది. రొట్టె ఇస్తున్నావిడ "ఎవరికమ్మా, ఏం జబ్బు?" అని అడుగుతుంది. అమ్మమ్మ జవాబు చెప్పకుండా మనవరాలి వైపు చూస్తుంది. ఒళ్లు తగ్గాలని ఆ పిల్ల రొట్టె తినాలి! ఇందులోని తమాషా హర్షితకు తట్టాలి, నవ్వు రావాలి. ఆమెకు హాస్యం తెలుసని నవల మొత్తంలో ఒక్కచోటా చూపించలేదు నువ్వు. లావుగా ఉన్నవాళ్ల మీద నవ్వులు మన సినిమాలు కావలసినన్ని చేశాయి. నవ్వే హక్కు ఈసారి ఆమెకు ఇవ్వు. అమ్మమ్మను మాత్రం వెటకారం చెయ్యొద్దు, నీళ్లలో ఆమె ప్రార్థన నిజమైనది.

ఇక ఏడో అధ్యాయం, డాక్టరు. బరువు, ఎత్తు లెక్కగట్టి "బీఎంఐ 25 దాటింది, ఊబకాయం" అనిపించావు. అది పెద్దవాళ్ల లెక్క. పిల్లలకు వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి ఎదుగుదల పటాలు ఉంటాయి. 5 నుంచి 18 ఏళ్ల భారతీయ పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో అలాంటివి విడుదల చేసింది. డాక్టరు ఆ పటం మీద చుక్క పెట్టి, పోయినసారి చుక్క ఎక్కడుందో కూడా చూస్తాడు. ఈడు వచ్చే వయసులో ఆడపిల్లల ఒంట్లో కొంత కొవ్వు చేరడం ఎదుగుదలలో భాగమేనన్న మాట ఆ గదిలో ఎవరో ఒకరు అనాలి. చుట్టాలంతా "థైరాయిడేమో" అంటారు. లావుగా ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి కారణం అది కాదు. ఈ రెండు ముక్కలూ డాక్టరు నోట పాఠంలా వద్దు, మాటల మధ్య దొర్లిపోవాలి.

నువ్వు వదిలేసిన ఒక విషయం చెబుతాను. కొందరు పిల్లలకు మెడ వెనక చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే మెత్తగా మారుతుంది. తల్లులు మురికి అనుకుంటారు. ఆదివారం తలంటి పోసి, సున్నిపిండితో ఆ మెడను రుద్దుతారు, ఎర్రబడేదాకా రుద్దుతారు. పోదు. "స్నానం సరిగా చెయ్యవు" అని ఒకటి అంటిస్తారు కూడా. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి తరచూ కనిపించే గుర్తు. హర్షిత జడ ఎప్పుడూ మెడ కప్పేట్టు ఎందుకు వేసుకుంటుందో నవల మొదట్లో చెప్పకు. డాక్టరు జడ పక్కకు జరిపి చూసి, "దీన్ని రుద్దకండమ్మా" అన్నప్పుడు తెలియాలి. అప్పుడు ఆ తల్లి చేతులు ఏం చేస్తాయో నువ్వే రాయాలి. ఆరోగ్యం సంగతి దాచమని నేను అనడం లేదని దీన్ని బట్టి నీకు అర్థమవుతుంది. చక్కెర జబ్బు భయం నిజమే అయిన ఇళ్లు మనవి. ఒంటి జబ్బుకు వైద్యం వేరు, మనిషికి మార్కులు వెయ్యడం వేరు. ఆ తేడా తెలిసిన డాక్టరును సృష్టించు.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబడతాను. అంకెలు తీసెయ్యి. ఆమె ఎన్ని కిలోలుంది, ఎన్ని తగ్గింది, రోజుకు ఎంత తిని ఎన్ని పూటలు మానేసింది, ఇవేవీ అచ్చులో ఉండకూడదు. తొమ్మిదో అధ్యాయంలో హాస్టల్ స్నేహితురాలు తిన్నది కక్కేసే దృశ్యంలో పద్ధతి మొత్తం వివరించావు. అదీ పోవాలి. అది జబ్బు, ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వస్తుంది. ఆ అంచున ఉన్న పిల్ల నీ అంకెను చదివి దాన్ని పందెంగా తీసుకుంటుంది, నీ వివరాన్ని చదివి నేర్చుకుంటుంది. తలుపు అవతల కుళాయి చాలాసేపు పారుతున్న చప్పుడు, బయటికి వచ్చిన పిల్ల కళ్లల్లో నీరు, మెస్‌లో ఆమె పళ్లెం వైపు ఎవరూ చూడకపోవడం, ఇంతవరకే రాయి. పుస్తకం చివరి పేజీలో మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోను నంబరు 14416 అచ్చు వేయించమని ప్రచురణకర్తను అడుగు. కాదనరు.

మరి ముగింపు ఏమిటంటావా? నీ ప్రతిలోనే ఉంది. నాలుగో అధ్యాయంలో హర్షిత మేనమామ ఒంగోలు గిత్తలతో బండలాగుడు పోటీలకు వెళతాడని రాశావు. పళ్లను బట్టి గిత్తల వయసు లెక్కగట్టే రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం అంటూ హర్షిత అన్నీ కంఠతా చెబుతుందని, మైకులో వ్యాఖ్యానం చెప్పే ఆయన గొంతును ఇంట్లో అనుకరిస్తుందని అర పేజీలో చెప్పేసి ముందుకు పోయావు. నీ నవల అక్కడే ఉంది! జత పేరు, యజమాని ఊరు, లాగిన దూరం ఎన్ని అడుగులో ఊపిరి తిప్పుకోకుండా చెబుతూ జనాన్ని కూర్చోనివ్వకుండా చేసే ఆ పని ఆమెకు కావాలి. నిజంగా కావాలి, సన్నబడటం కన్నా ఎక్కువగా. అయితే మైకు దగ్గరికి వెళ్లాలంటే వేదిక ఎక్కాలి, తిరునాళ్ల జనమంతా ఆమె ఒళ్లు చూస్తారు. ఇంతకన్నా మంచి చిక్కుముడి ఏ రచయితకు దొరుకుతుంది? గిత్త మూపురం నిమురుతూ దాని కండను మురిపెంగా పొగిడే మేనమామ, అదే నోటితో మేనకోడలిని ఏమంటాడో కూడా నీకు తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకో. పోల్చి చెప్పకు, పిల్లలు తెలివైనవాళ్లు, పోల్చుకుంటారు.

ఈ నెల్లూరులోనే తిక్కన సోమయాజి విరాటపర్వం రాశాడు. అందులో వంటశాల పెత్తనం చేసే భీముణ్ణి ఒకసారి మళ్లీ చూడు. వృకోదరుడనే పేరున్నవాడు, తిండి పుష్టి ఉన్నవాడు. అవమానపడిన ద్రౌపది అర్ధరాత్రి వెళ్లి లేపింది అతణ్ణే. ఆ ఒంటికి కథలో పని ఉంది. మన ఇళ్లలో మగపిల్లవాడు లావైతే భీముడని మెచ్చుకుంటారు, ఆడపిల్లకు ఆపాటి పోలిక కూడా లేదు, అది వేరే సంగతి. హర్షిత ఒంటికీ నవలలో పని ఉండాలి, గొంతు ఉండాలి. ఆకలి కూడా ఉండాలి. ఆమె ఒక్కసారైనా ఇష్టంగా తినడం నువ్వు రాయలేదు. హాస్టల్‌కు తల్లి క్యారియర్‌లో తెచ్చిన, ముందురోజు వండిన చేపల పులుసు, అందులో మామిడికాయ ముక్క, పక్కన లెక్కలు వేసేవాళ్లెవరూ లేని ఒక మధ్యాహ్నం ఆమెకు ఇవ్వు.

వేదిక ఎక్కాక జనం నవ్వారా, ఈల వేశారా అన్నది నీ ఇష్టం. నవ్వినా సరే, రెండో జత బరిలోకి దిగుతుంది కదా, చెప్పాల్సిన పేర్లు ఆమె దగ్గర ఉన్నాయి.

మన దగ్గర చిన్నపిల్లల కథలున్నాయి, పెద్దల నవలలున్నాయి, ఆ రెండింటి మధ్య ఈడు పిల్లలకు దొరికేవి తక్కువ. అందుకని తొందరపడి ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయించొద్దు. ముందు రొట్టెల పండుగ అధ్యాయం రాసి పంపు. ఏడో అధ్యాయం మాత్రం మీ ఊళ్లో పిల్లల డాక్టరు ఎవరికైనా చదివి వినిపించాకే నాకు పంపించు. తపాలా ఖర్చు ఎందుకు, ఫోటో తీసి ఫోనులో పంపినా చదువుకుంటాను, అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంటే చాలు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి