బతుకమ్మకు మార్చిలోనే మొదలుపెట్టు

చిరంజీవి అమ్ములుకు, పెద్దమ్మ ఆశీస్సులు.

బతుకమ్మ గురించి మార్చిలోనే రాస్తున్నానని ఆశ్చర్యపోకు. మన ఊళ్లో తంగేడు, గునుగు గట్ల మీద వాటంతటవే పూస్తాయి. షికాగోలో పూలు కావాలంటే ఇప్పుడే పూనుకోవాలి.

పోయిన ఏడాది అసోసియేషన్ వాళ్ల శనివారం వేడుకకు వెళ్లామన్నావు. ఈసారీ వెళ్లు. అంతమంది ఆడవాళ్లు చప్పట్లతో ‘ఉయ్యాలో’ అందుకుంటుంటే కలిగే ఆనందం ఇంట్లో దొరకదు. కానీ ఎవరో పేర్చి తెచ్చిన బతుకమ్మ చుట్టూ తిరిగితే పిల్లకు పేర్చడం ఎలా వస్తుంది? ఒక్కటైనా మీ ఇంట్లో పేర్చండి. చిన్నదైనా సరే, మొదటి రోజైన ఎంగిలిపూల అమావాస్య నాడు మొదలుపెట్టండి. అమావాస్య అక్కడ ఒక రోజు ముందే పడవచ్చు కాబట్టి అమెరికా పంచాంగమే చూసుకో.

గునుగు, సీతజడ జాతి మొక్కల్నే అక్కడ సెలోషియా పేరుతో అమ్ముతారు. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర చిన్న కప్పుల్లో విత్తనాలు వేసి, మే నెల సగం దాటాక పెరట్లో నాటు. బంతి, జిన్నియా కూడా వెయ్యి. సెప్టెంబరు చివర్లో రాత్రిపూట మంచు పడుతుందంటే పాత దుప్పటి కప్పు. తంగేడు రంగుకు గోల్డెన్‌రాడ్ ఉంది. ఎవరి పెరట్లోనైనా ఉంటే అడిగి కోసుకో, పార్కుల్లో మాత్రం తెంపకు. దానివల్ల తుమ్ములు వస్తాయని కొందరు భయపెడతారు. ఆ తుమ్ములు అదే కాలంలో పూసే రాగ్‌వీడ్ పుప్పొడి వల్ల వచ్చేవి.

పేర్చేటప్పుడు తొందరపడకు. పళ్లెంలో గుమ్మడి ఆకులు పరిచి, గునుగును గుప్పెడు గుప్పెడుగా దారంతో కట్టి, కాడలు సమంగా కత్తిరించి, పూలు బయటికి కనిపించేలా గుండ్రంగా అమర్చు. కత్తిరించిన కాడల్ని, ఆకుల్ని మధ్యలో వేసి అరచేత్తో గట్టిగా అదుము. ఆ నడిమి భాగం వదులుగా ఉంటే నాలుగో వరుసకే ఒరుగుతుంది. అంగడిలో కొన్న చామంతులకు కాడ పొట్టిగా ఉంటుంది, టూత్‌పిక్ గుచ్చి నిలబెట్టు. పైకి పోయేకొద్దీ వరుస సన్నబడాలి. ఈ పనంతా పిల్లను పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యి. కట్టలు కట్టడం తనకు అప్పగించు, వంకరగా ఉన్నా విప్పకు. చివర్న పసుపు గౌరమ్మను పెట్టు.

ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ఆఫీసు అలసట ఉన్నవాళ్లకు అది మంచి విరామం.

చెరువుల్లో వదలడానికి అక్కడ అనుమతి కావాలి. పెరట్లో పెద్ద తొట్టి నింపి అందులో సాగనంపు. పూలకు రంగులు వేయకపోతే తర్వాత అవే మొక్కలకు ఎరువవుతాయి.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు మలీదకు జొన్నరొట్టె వేడి మీదే నలిపి, బెల్లం, నెయ్యి కలుపు. చల్లారితే ముద్ద కట్టదు. పక్కింటి వాళ్లను కూడా పిలువు. అయితే సద్దుల్లో వేసే పల్లీలు, నువ్వులు పడతాయో లేదో ముందే అడుగు. కొంతమంది పిల్లలకు అవి ప్రాణం మీదికి తెస్తాయి. అలాంటి వాళ్లకు పెరుగు సద్ది వేరే గిన్నెలో, వేరే గరిటెతో పెట్టు.

మీ పెద్దమ్మ