చేను ఎర్రబడితే ముందు ఆకు చూడు

చిరంజీవి అమ్మడికి,

అత్త ఆశీర్వదించి రాయునది. కౌలుకిచ్చిన మూడెకరాలూ వెనక్కి తీసుకుని ఈ దాళ్వా, అదే చలికాలపు రెండో పంట వరి, నువ్వే చేయిస్తున్నావని అన్నయ్య నిన్న ఫోన్లో చెప్పాడు. ఫోను పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. మనింటి ఆడపిల్ల గట్టు మీద నిలబడి చేను చూసుకుంటానంటే నాకు కడుపు నిండినట్టయింది. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు.

నీళ్ళు పెట్టి దున్నే దమ్ము, నారు పోసే ఆకుమడి, కూలీల సంగతి మీ నాన్న చూసుకుంటాడు. మట్టి పరీక్షకి ఎనిమిది పది చోట్ల జానెడు లోతున తీసి, కలిపి, అరకిలో ఇవ్వు. గట్టు పక్కనా చెట్టు కిందా తీయకు. భాస్వరం అంతా ఆఖరి దమ్ములోనే వేసెయ్యి. అది మట్టిలో పెద్దగా కదలదు, వేళ్ళే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి. పొటాష్ సగం అప్పుడు, సగం దుబ్బులో వెన్ను పుట్టే అంకురం దశలో. యూరియా మూడు దఫాలుగా, నీళ్ళు తీసేసి బురద పదునులో చల్లి, ఒకటిన్నర రెండు రోజులాగి నీళ్ళు పెట్టు. ఇవన్నీ ఎవరినడిగినా చెబుతారు.

జింకు సంగతి నేనే చెప్పాలి.

మీ మావయ్య పోయిన మరుసటేడు దాళ్వా అది. నారు ఊడ్చి ఇరవై రోజులైంది. పొద్దున్నే వెళ్తే చేను నడుమ చాపలు పరిచినట్టు ఎర్రగా మచ్చలు. దుబ్బులు గిడసబారాయి, పిలక లేదు. పక్క చేను కళకళలాడుతోంది. ఆడది చేస్తే ఇంతేనని ఊరంతా అనుకుంటోందనిపించింది. ఎవరూ అనలేదమ్మా, నాకే అనిపించింది. ఆ ఉక్రోషంలో బస్తా యూరియా తెచ్చి చల్లించాను. నాలుగు రోజులు చూశాను, మార్పు లేదు. ఎరువుల కొట్టులో అడిగితే డీఏపీ, అదే భాస్వరం ఉన్న ఎరువు, వెయ్యమని అప్పుమీద ఇచ్చారు. అదీ వేశాను. మచ్చలు ఇంకా పెరిగాయి.

అప్పుడు వ్యవసాయ శాఖ కుర్రాడొకడు గట్టు మీద వెళ్తూ ఆగాడు. చెప్పులు విప్పి చేలో దిగి, ఒక దుబ్బు పీకి, బోదెలో కడిగి నా చేతికిచ్చాడు. ముదురాకుల మీద తుప్పు చిలకరించినట్టు మచ్చలు. లేతాకు మొదట్లో నడిమి ఈనె తెల్లగా పాలిపోయింది. ‘ఇది నత్రజని లోపం కాదమ్మా, జింకు అందడం లేదు’ అన్నాడు. నీళ్ళు నిలిచిన మట్టిలో గాలాడదట. అప్పుడు మట్టిలో ఉన్న జింకు కూడా వేళ్ళకి చిక్కని రూపంలోకి మారిపోతుందట. చలి పడితే మరీ కష్టం. దాళ్వాలోనే ఎక్కువ కనబడేది అందుకే. పైగా నేను భాస్వరం పోసి ఆ కాస్తకీ అడ్డుపడ్డాను.

మొక్కకి పదిహేడు మూలకాలు కావాలి. కర్బనం, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలీ నీరూ ఇస్తాయి. మిగతా పద్నాలుగుకీ మట్టే దిక్కు. జింకు ఎకరాకి గ్రాముల్లోనే తీసుకుంటుంది. ఆ గ్రాములు అందకపోతే బస్తాల కొద్దీ పోసిన యూరియా ఎందుకూ కొరగాదు.

లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదేసి రోజుల ఎడంతో మూడుసార్లు కొట్టించాను. చేను తేరుకుంది గానీ ఆలస్యమైంది. పోసిన యూరియాకి ఆకు మెత్తగా ఏపుగా పెరిగి, పొట్ట దశకి, వెన్ను బయటికి రాకముందే, రసం పీల్చే సుడిదోమ పట్టింది. ఆ ఏడు అప్పు తీరలేదు. నీ చెవులు కుట్టించినప్పుడు జ్వరమని రాలేదు చూడు, జ్వరం కాదమ్మా. నీకు పెట్టడానికి కమ్మలు కొనలేకపోయాను. మీ నాన్నకి ఇప్పటికీ తెలీదు, చెప్పకు.

అందుకే ఆఖరి దమ్ములో ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేటు వెయ్యి. డీఏపీతో కలిపి మాత్రం వెయ్యొద్దు, రెండు మూడు రోజులు ఎడం పెట్టు. గోదారి ఒండ్రు మట్టిలో ఏమీ వెయ్యక్కర్లేదని మీ నాన్న అంటే వినకు. ఏటా రెండు పంటలు తీస్తున్నాం, వేసవిలో పచ్చిరొట్టకి జీలుగ చల్లి దున్నడం కూడా మానేశాం.

చేను పసుపెక్కిందని ఎరువుల కొట్టుకి పరిగెత్తకు. ముందు ఆకు చూడు. ముదురాకులు కొస నుంచి సమంగా పసుపైతే నత్రజని లోపం. ఉన్న కాస్తా మొక్క లేతాకుకి పంపేస్తుంది, అందుకే ముందు ఎండేది ముదురాకే. లేతాకే పసుపైతే ఇనుమో గంధకమో అనుకో. తర్వాత వేళ్ళు చూడు. తెల్లగా ఉన్నా, తుప్పురంగు పూతున్నా భయం లేదు. నల్లబడి కుళ్ళిన గుడ్ల వాసనొస్తే నీళ్ళు తీసి చేను ఆరగట్టు.

ఊడ్చిన పదిహేనో రోజుకి నేనొస్తాను. ఈలోపు ఏ తేడా కనబడ్డా ఫోటో పంపకు, అందులో ఈనె తెలుపు తెలీదు. వేళ్ళతో సహా దుబ్బు పీకి, తడి గుడ్డలో చుట్టి, నాన్న చేత పంపించు. ఎంత పొద్దుపోయినా చూస్తాను.

మీ అత్త