జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ బొమ్మల్లో ఒకదాని రంగు పక్కదానికి ఎందుకు అంటుకుంటుంది?

1982లో బ్రిటన్‌లో వచ్చిన ఈ హోమ్ కంప్యూటర్‌లో పిక్సెల్‌కో రంగు ఉండదు, 8×8 పిక్సెళ్ల గడి మొత్తానికీ కలిపి రెండే రంగులు ఉంటాయి కాబట్టి.

కారణం మెమరీ. తెర 256×192 పిక్సెళ్లు. ఏ పిక్సెల్ వెలగాలో గుర్తుంచుకోవడానికి 6,144 బైట్లు, 768 గడుల రంగులకు మరో 768 బైట్లు సరిపోతాయి. అదే ఈ మెషిన్‌కున్న 15 రంగుల్లో ఏదైనా ప్రతి పిక్సెల్‌కూ విడిగా ఇవ్వాలంటే 24 కేబీ కావాలి. చౌక మోడల్‌లో మొత్తం ర్యామే 16 కేబీ! అంత తక్కువలో రంగుల తెర ఇవ్వడం నిజంగా గొప్ప పనే.

ఉదాహరణకు, నల్లటి నేపథ్యం మీద ఆకుపచ్చ చెట్టు ఉందనుకోండి. పసుపు రంగు మనిషి దాని ముందుకు రాగానే ఆ గడిలో నలుపు, పసుపే మిగులుతాయి. చెట్టు ముక్క కూడా పసుపైపోతుంది. అతను కదిలేకొద్దీ ఆ మచ్చా కదులుతుంది. యానిమేషన్‌కి ఇదే పెద్ద తలనొప్పి. అందుకే చాలా ఆటల్లో బొమ్మలు కదిలే భాగాన్నంతా ఒకే రంగులో గీసేవారు.

ఇది టీవీ లోపమనో, గీసినవాళ్లకు చేతకాలేదనో చాలామంది అనుకుంటారు. రెండూ కావు. గడుల హద్దులు చూసుకుని గీస్తే, కదలని బొమ్మలో అదే మెషిన్ మీద అన్ని రంగులూ శుభ్రంగా విడివిడిగా కనిపిస్తాయి.